నలభై ఒకటో నడక

ఆ సోమవారం ఉదయం వకుళ తొడుక్కోవలసింది నలభై ఒకటో ఒళ్ళు.

ఒళ్ళు అనేది ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేరు. కాగితాల మీద దాన్ని నడకతొడుగు అంటారు. మెడ నుంచి మడమల దాకా అంటిపెట్టుకునే బూడిదరంగు బట్ట, కీళ్ళ దగ్గర పట్టీలు, ఛాతీ చుట్టూ ఒక బిగింపు, ముక్కూ బుగ్గల మీదికి చిన్న మూత. అందులోకి ఎవరి కొలతలు ఎక్కిస్తే వాళ్ళ ఒళ్ళు మన మీదికి వస్తుంది. అరవై ఏళ్ళ తాపీమేస్త్రి కొలతలు ఎక్కిస్తే ఆయన మోకాలు ఎంత వంగుతుందో మనదీ అంతే వంగుతుంది. ఎనిమిదో నెల గర్భిణివి ఎక్కిస్తే నడుం వెనక్కి గుంజి, ఊపిరి సగంలో ఆగిపోతుంది. నొప్పి కూడా వస్తుంది. నరాల మీద సన్నగా తగిలే విద్యుత్తు దాన్ని తెస్తుంది.

కొత్తపర్రు పురపాలక సంఘంలో, పట్టణ ప్రణాళికా విభాగంలో వకుళ నడక పరిశీలకురాలు. మూడేళ్ళ కిందట కొత్త చట్టం వచ్చింది. ఊళ్ళో ఒక బడిని కదిలించాలన్నా, ఒక రోడ్డు మూయాలన్నా, ముందు దానివల్ల ఎవరికి ఎంత బరువు పడుతుందో నడిచి చూడాలి. ఆ చోటుని వాడుకునేవాళ్ళలో ఇష్టమైనవాళ్ళు పది రోజులపాటు కాలికీ భుజానికీ ఛాతీకీ, చెవి వెనకా పైకి కనబడని పలచటి పట్టీలు కట్టుకుంటారు. వాళ్ళ నడక, ఊపిరి, కీళ్ళ పట్టు, గుండె చప్పుడు అన్నీ అందులో నమోదవుతాయి. పేర్లుండవు, నంబర్లే. పరిశీలకులు ఆ ఒళ్ళు వేసుకుని ఇప్పుడున్న దారీ రాబోయే దారీ రెండూ నడవాలి. నమూనాలో ఒక్క మనిషి కొత్త దారిన చేరలేకపోయినా ఆ ప్రణాళికను ఉన్నదున్నట్టు ఆమోదించకూడదు.

ఈసారి వచ్చింది సున్నపుబట్టీ వీధిలోని ఆరోగ్య కేంద్రం సంగతి. పాత పెంకుటిల్లు అది. వర్షం వస్తే మందుల గదిలో బకెట్లు పెడతారు. కాలవ అవతల విశాలమైన స్థలంలో కొత్త భవనం కట్టి దాన్ని అక్కడికి మార్చాలని పాలకవర్గం అనుకుంది. నమూనాలో అరవైమంది. ఆరు వారాల్లో వకుళ నలభైమందిని నడిచింది. కొందరు ఆయాసపడ్డారు, కొందరు దారిలో నాలుగుసార్లు కూర్చున్నారు. అందరూ చేరారు.

"ఒంట్లో ఎలా ఉందివాళ?" అని అడిగింది సుదక్షిణ, పట్టీలు బిగిస్తూ.

తొడుగు కనిపెట్టింది ఆవిడే. ఊరి చివర ఇంజనీరింగ్ కాలేజీలో రెండు గదుల ప్రయోగశాల ఆవిడది. మొదటి రెండేళ్ళూ ప్రతి కొలతా తన మీదే వేసుకుని చూసుకుంది. ఆ రెండేళ్ళకి గుర్తుగా ఎడమచెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. ఆ వణుకు ఎవరిదో, ఏ నంబరుదో ఆవిడకే తెలియదు. డాక్టర్లు ఇక వేసుకోవద్దన్నాక వకుళలాంటి వాళ్ళు వచ్చారు.

"పన్నెండో నంబరాయన తుంటి పొద్దున్నే వచ్చి పలకరిస్తోందండీ. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది," అంది వకుళ.

"ఈ అరవై అయ్యాక ఆరు నెలలు సెలవు పెట్టండి. నేను రాసిస్తాను."

వకుళ నవ్వి కుర్చీలో కూర్చుంది. నడకకు ముందు పది నిమిషాలు ఇమడాలి. అంటే ఆ మనిషి పొద్దున్నే ఇంట్లో ఎలా కదులుతాడో ఆ కదలికలు తొడుగులో వరసగా వస్తాయి. వాటికి ఒళ్ళు వదిలేస్తే వేరే మనిషి నెమ్మదిగా వచ్చి కూర్చుంటాడు. కళ్ళు మూసుకోవాలి, అంతే.

నలభై ఒకటి ఆడమనిషి. తేలికైన ఒళ్ళు. పాదాలు మాత్రం నీరుపట్టి బరువుగా ఉన్నాయి. లేవడానికి ముందు మంచం పట్టె మీద కుడిచెయ్యి ఆనించింది. నిలబడింది. ఆగింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయి వదిలింది. నాలుగడుగులు వేసి, ఎడమవైపుకి తిరిగి, ఒంటిని పక్కకి చేసి సన్నటి సందులోంచి దూరింది.

ఆ దూరడం దగ్గర వకుళకు ఏదో తగిలింది. ఎందుకో తెలియలేదు.

చేతులు పైకి లేచాయి, దిగాయి, ఏదో తిప్పాయి. కాసేపు నిలబడి ఉంది. తర్వాత కుడిచేతిలో ఏదో వెచ్చటి వస్తువు పట్టుకున్నట్టు మోచెయ్యి ఒంటికి దగ్గరగా వచ్చింది. మళ్ళీ పక్కకి తిరిగి అదే సందులోంచి బయటికి. పన్నెండడుగులు. ఆగింది. ఎడమ అరచెయ్యి దేన్నో ఆనుకుంది, తలుపు చట్రం కావచ్చు. ఊపిరి అందడం లేదు. గుండె ఒక దెబ్బ వేసి, ఒకటి తప్పి, రెండు గబగబా వేసింది. ఆ ఒళ్ళు నోరు తెరవలేదు. ఆయాసం చప్పుడు కాకుండా ముక్కుతోనే కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ నిలబడింది. ఒక నిమిషం. రెండు. ఊపిరి సద్దుమణిగాక వెన్ను నిటారైంది. అప్పుడు తలుపు తోసింది. చివరికి మొహం కండరాలు కదిలాయి. నవ్వింది.

వకుళ కళ్ళు తెరిచేసరికి సుదక్షిణ తెర మీద ఆ రికార్డు సమయం కనబడుతోంది. ఆరూ పది.

రోజూ ఆరూ పదికి వకుళ గది తలుపు తెరుచుకుంటుంది. అత్తగారు పేరంటాలు కాఫీ గ్లాసుతో, నవ్వుమొహంతో లోపలికి వస్తుంది. వంటింటి గుమ్మానికి అడ్డంగా ఫ్రిజ్ ఉంది. దాన్ని జరపమని వకుళ తన మొగుడు ఈశ్వర్రావుకి రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. మనిషి పక్కకి తిరిగితేగాని ఆ సందులో పట్టదు.

"మొదలుపెడదామా?" అంది సుదక్షిణ.

అక్కడే ఆపెయ్యాలి. తెలిసినవాళ్ళ ఒళ్ళని అనుమానం వస్తే వెంటనే చెప్పి తొడుగు విప్పెయ్యాలని నియమం. వకుళకు అది కంఠతా వచ్చు, పక్క ఊళ్ళనుంచి వచ్చే కొత్తవాళ్ళకు ఆమే పాఠం చెబుతుంది. కానీ ఆ క్షణాన ఆమెకు కావలసింది నియమం కాదు. అత్తయ్య ఎంత దూరం నడవగలదో తెలియాలి.

"పదండి," అంది.

సున్నపుబట్టీ వీధి చివర షేర్ ఆటోలు ఆగే చోట మొదలుపెట్టారు. అక్కడినుంచి ఇప్పుడున్న కేంద్రానికి నూట నలభై అడుగులు, చదునైన నేల. ఆ ఒళ్ళు ఒక్కసారి ఆగి చేరింది. తర్వాత కొత్త దారి పట్టారు. అవతలికి బళ్ళు పోయే వంతెన రెండున్నర కిలోమీటర్ల దూరం, షేర్ ఆటోలు అటు వెళ్ళవు. నడిచేవాళ్ళకి కాలవ మీద ఇనుప వంతెన ఉంది. ఎక్కడానికి ముప్ఫై ఎనిమిది మెట్లు.

సుదక్షిణ పక్కనే నడుస్తూ చేతిలో కొలతలు కనబడే పలక చూసుకుంటోంది. పదో మెట్టు దగ్గర వకుళ ఆగింది. పదహారు దగ్గర కూర్చుంది. ప్రతి మెట్టుకీ ముందు ఎడమకాలే వేస్తోందని గమనించింది. అత్తయ్య ఇంట్లో మేడమెట్లు అలాగే ఎక్కుతుంది. ఎప్పుడూ చూసిన దృశ్యమే. ఎందుకని అడగలేదు.

ఇరవై ఏడో మెట్టు మీద ఛాతీలో పిడికిలి బిగిసి వదలలేదు. కళ్ళముందు కాలవ నీళ్ళు నల్లబడ్డాయి. గుండె దెబ్బలు లెక్క తప్పిపోయాయి. తొడుగులో కరెంటు దానంతటదే తెగిపోయింది. ప్రమాదం అనిపిస్తే అలా చేసేలా సుదక్షిణ దాన్ని కట్టింది. వకుళ తన సొంత ఒంట్లోకి వచ్చి పడింది. ఆరోగ్యమైన నలభై ఆరేళ్ళ ఒళ్ళు, గాలి ఎంతైనా పట్టే ఊపిరితిత్తులు. ఆ సుఖానికి ఆమెకు సిగ్గేసింది.

సుదక్షిణ పలక మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నలభై ఒకటి: చేరలేదు.

"దొరికింది," అంది సుదక్షిణ మెల్లిగా. ఆవిడ గొంతులో సంతోషం లేదుగాని, తేలిక ఉంది. "ఇంతమందిలో ఒక్కరు. ఈ ఒక్కరి కోసమే కదండీ ఇదంతా. ఇక వాళ్ళు ప్రణాళిక మార్చక తప్పదు."

వకుళ మెట్టు మీదే కూర్చుని ముక్కు మూత తీసింది.

"సుదక్షిణగారూ, ఈవిడ మా అత్తగారు."

ఇద్దరూ ప్రయోగశాలకు తిరిగి వచ్చారు. తొడుగు విప్పి పెట్టాక సుదక్షిణ రెండు గ్లాసుల్లో మజ్జిగ పోసి ఒకటి వకుళ ముందు పెట్టింది. వణికే చేతిని ఒళ్ళో దాచుకుంది.

"మీరు పొరబడి ఉండొచ్చు," అంది.

"లేదండీ."

"నమోదు పత్రంలో ఇంట్లో మునిసిపల్ ఉద్యోగులెవరూ లేరని రాయించారు. ఒక్కత్తినే ఉంటానన్నారు."

"అబద్ధం చెప్పింది."

సుదక్షిణ నమోదు పత్రం మూసి పక్కన పెట్టింది. "వకుళగారూ, నేనొక మాటంటాను, తప్పుగా అనుకోకండి. అక్కడున్నది నంబరు. మీకు తెలుసని మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మీరు చెబితే నలభై ఒకటి కొట్టేస్తారు. మిగతా పంతొమ్మిదిమందీ ఎలాగో చేరతారు, వాళ్ళ కొలతలు నేను చూశాను. కేంద్రం అవతలికి పోతుంది. మీ అత్తగారిలాంటి వాళ్ళు ఆ వీధిలో ఇంకా ఉంటారు, పట్టీ కట్టుకోవడానికి రానివాళ్ళు. ఆ మెట్ల మీద వాళ్ళు నిజంగా పడిపోతారు."

సుదక్షిణ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

"రేపు చెబుతాను," అని వకుళ లేచింది.

ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడైంది. పేరంటాలు వరండాలో చాప వేసుకుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. అరవై ఏడేళ్ళ మనిషి. సన్నగా, చామనచాయగా, ఎప్పుడూ తలలో ఏదో ఒక పువ్వు.

"ఇవాళ తొందరగా వచ్చేశావేంటమ్మాయ్. ఎవరి నొప్పులు తెచ్చుకున్నావేంటి? నీళ్ళు కాగపెట్టనా?"

వకుళ చెప్పులు విప్పి ఆమె ఎదురుగా చాప మీద కూర్చుంది. అత్తగారి పాదాల వైపు చూసింది. చీర అంచు కింద చీలమండలు ఉబ్బి ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచి ఉబ్బాయో.

"గురువారాలు బాబా గుడికే వెళ్తున్నారా అత్తయ్యా?"

పేరంటాలు చేతిలో చిక్కుడుకాయ ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ ఈనె తీసింది.

"గుడికే. ఇంకెక్కడికెళ్తాను."

"సున్నపుబట్టీ వీధిలో ఏ గుడుంది?"

ఈసారి పేరంటాలు కాయలు పక్కన పెట్టేసింది. కోడలి మొహంలోకి చూసింది. చూసి, అర్థం చేసుకుంది. ఆమె చెయ్యి అప్రయత్నంగా తన ఛాతీ మీదికి వెళ్ళింది, అక్కడేదో కనపడిపోతున్నట్టు.

"నువ్వు... నాది తొడుక్కున్నావా?"

వకుళ తలూపింది.

"అయ్యో తల్లీ," అంది పేరంటాలు. "నొప్పెట్టిందా?"

అంతవరకూ ఆపుకున్న ఏడుపు వకుళకు అప్పుడొచ్చింది. ఆ మాట అడగవలసింది తను. ముసలావిడ దగ్గరికి జరిగి కోడలి తల భుజం మీదికి తీసుకుంది. ఆమె మెడ దగ్గర ఆ గుండె లెక్క తప్పి కొట్టుకోవడం వకుళకు వినిపించింది. పొద్దున తన ఛాతీలో విన్నదే.

సంగతి కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. గుండెలో ఒక కవాటం సన్నబడింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంవల్ల అట. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి, వారంవారం రక్తం చూపించుకోవాలి. పద్నాలుగు నెలలైంది. తామున్న కాలనీలోని ఆసుపత్రికి వెళ్తే నర్సు వకుళకు చెప్పేస్తుందని ఊరికి ఆ చివరకు వెళ్ళింది. మాత్రలు మెంతుల డబ్బాలో ఉంటాయి.

"ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. చూద్దాంలే అన్నాను."

"పద్నాలుగు నెలలు అత్తయ్యా. పక్క గదిలో ఉన్నాను నేను."

"నువ్వు రోజూ ఎవరెవరివో మోసుకొస్తున్నావు. ఓ రోజు కుంటుతూ వస్తావు, ఓ రోజు వేళ్ళు తిమ్మిరంటావు. సాయంత్రం పడుకుని మూలుగుతుంటే గోడవతల నాకు వినపడుతుంది. ఊళ్ళో అందరివీ మోస్తోంది, ఇంట్లో నాదొకటెందుకు దీనికి, అనుకున్నాను."

"మరి పట్టీ ఎందుకు కట్టుకున్నారు?"

పేరంటాలు మళ్ళీ ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. "గురువారం బెంచీ మీద మేం ఏడెనిమిదిమందిమి కూర్చుంటాం. అందరూ ముసలోళ్ళే. కేంద్రం అవతలికి పోతుందని చెప్పుకుని ఏడ్చేవాళ్ళు. పట్టీ కట్టుకోండని కాలేజీ పిల్ల వచ్చి అడిగితే అందరూ బెదిరిపోయారు, కరెంటు పెడతారని. నా కోడలు చేసే పనే కదా ఇది, దీంట్లో భయమేముంది అని నేను కట్టుకున్నాను. నన్ను చూసి ఇంకో ఇద్దరు కట్టుకున్నారు. ఆ పిల్లకి నా కోడలి సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే నాకు కట్టరని తెలుసు." ఈనె తీసి పడేసింది. "నువ్వే తొడుక్కుంటావని తోచలేదమ్మా. మీ ఆఫీసులో చాలామంది ఉంటారనుకున్నాను."

వకుళ ఆఫీసులో నడిచేది ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం ఈశ్వర్రావు ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఇద్దరూ పేరంటాలుని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ తప్పదనీ, నెలన్నరలో చేయవచ్చనీ, ఈలోగా మెట్లెక్కకూడదనీ, వారంవారం పరీక్ష మానకూడదనీ డాక్టరు చెప్పాడు. తిరిగి వచ్చాక ఈశ్వర్రావు నేరుగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌ని ఒక్కడే గుంజి హాల్లో పెట్టాడు. దాని వెనక గోడ మీద రెండేళ్ళ బూజు ఉంది. తల్లి చూడకుండా మొహం తుడుచుకుని ఆ బూజు దులిపాడు.

మర్నాడు వకుళ నివేదికలో నిజం రాసింది. నలభై ఒకటో నంబరు తన అత్తగారనీ, గుర్తుపట్టాక కూడా నడక ఆపకపోవడం తన తప్పనీ రాసి సంతకం చేసింది. సుదక్షిణ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"మీరు ఆ మెట్ల మీద ఏం చూశారో చూశాక కూడా..."

"అందుకేనండీ. ఒకరి ఇంటి కోసం ఒకలాగా, ఇంకొకరి వీధి కోసం ఇంకొకలాగా నేను కొలిస్తే, రేపు ఎవరైనా మన కొలతని ఎందుకు నమ్మాలి? మా అత్తగారి కోసం దొంగలెక్క రాశానంటారు. నలభై ఒకటితో పాటు మిగతా అందర్నీ కొట్టేస్తారు."

శుక్రవారం పాలకవర్గం సమావేశమైంది. ఛైర్మన్ రాంపండు అరవై దాటిన మనిషి, ఎవరితోనూ కోపంగా మాట్లాడడు. నివేదిక చదివి కళ్ళజోడు తీశాడు.

"వకుళమ్మగారూ, మీరు దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. దాచలేదు. దానికి మీకు దణ్ణం పెట్టాలి. కానీ నియమం మీకు తెలుసు. ఈ నడక చెల్లదు."

"తెలుసండీ."

"భవనం మంజూరు ఈ నెలాఖరుతో మురిగిపోద్ది. ఆ పెంకుటింట్లో కాన్పులు చేయిస్తన్నారు, వానొస్తే పసిబిడ్డ మీద చుక్కలు పడతన్నాయి. అవతల మంచి గదులొస్తాయి. నేను చెడ్డ పని చేయడం లేదమ్మా."

అది కూడా నిజమే. ఆయన చెడ్డ పని చేయడం లేదు. నలభై ఒకటి కొట్టేశారు. మిగిలిన పంతొమ్మిదిమంది నడకకు పక్క ఊరి పరిశీలకుణ్ణి పిలిపించారు. వాళ్ళంతా చేరారు. కేంద్రం మార్చాలన్న తీర్మానం నెగ్గింది. అభ్యంతరాలకు ఏడు రోజుల గడువిస్తూ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

వకుళ ఆ సంగతి ఇంట్లో చెప్పింది. పేరంటాలు అన్నం కలుపుతూ విన్నది.

"కొట్టేసింది నంబరునే కదా," అంది. "మనిషిని కాదుగా."

"అంటే?"

"నేనే వెళ్ళి చెబితే? ఇదిగో నేను, నా పేరు ఇది, నా జబ్బు ఇది, నేనా మెట్లెక్కలేను అని."

అలా చేయవచ్చు. ఆ దారి చట్టంలో ఉంది. మూడేళ్ళలో ఎవరూ వాడలేదు. పేరు దాచుకునే హక్కు వదులుకుని, తన కొలతలు తన పేరుతో ఇస్తే, తనకు ఏ సంబంధమూ లేని పరిశీలకుడు మళ్ళీ నడవాలి. కానీ ఆ కాగితం బోర్డు మీద అంటిస్తారు. పేరు, ఊరు, వయసు, జబ్బు, పొద్దుట ఇంట్లో ఎక్కడెక్కడ ఆగుతుందో, రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో, అన్నీ ఉంటాయి. ఎవరైనా చదవచ్చు.

వకుళ ఇదంతా విడమరిచి చెప్పింది. "నేను మిమ్మల్ని చెయ్యమనను అత్తయ్యా. నేను చెయ్యమంటే మళ్ళీ అదే మాట వస్తుంది."

"నిన్నడగలేదు నేను," అంది పేరంటాలు. "ఆటో ఎక్కడాగుతుందో అది చెప్పు చాలు."

ఆమె మర్నాడు ఒక్కతే వెళ్ళింది. వకుళను గుమ్మం దాటనివ్వలేదు. పద్నాలుగు నెలలు సొంత కొడుక్కి తెలియనివ్వని జబ్బుని, మునిసిపల్ ఆఫీసు గుమస్తా ముందు కూర్చుని ఒక్కో మాటే చెప్పి రాయించింది. నమోదు పత్రంలో అబద్ధం చెప్పినట్టూ రాయించింది. బొటనవేలి ముద్ర వేయబోతే గుమస్తా సంతకం చేయమన్నాడు. చేసింది, ఐదు నిమిషాలు పట్టింది.

మళ్ళీ నడవడానికి వచ్చిన కొత్త పరిశీలకుడి పేరు ఫ్రాన్సిస్. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, ఊరికి కొత్త, ఎవరినీ ఎరగడు. నియమం ప్రకారం వకుళ ఆ దగ్గర్లో ఉండకూడదు. తర్వాత సుదక్షిణ చెప్పింది. నడకకు సాక్షులుగా ఛైర్మన్, ఇద్దరు సభ్యులు, నీడలో కుర్చీ వేసుకుని పేరంటాలు. ఆవిడ వెనక గురువారం బెంచీ వాళ్ళంతా నిలబడ్డారట. ఫ్రాన్సిస్ హుషారుగా మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. పద్నాలుగు దగ్గర కూర్చున్నాడు. ఇరవై ఐదు దగ్గర రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు. ఇరవై ఆరు మీద తొడుగులో కరెంటు తెగిపోయింది.

అతన్ని కిందికి దింపి నీళ్ళిచ్చారు. తాగకుండా గ్లాసు పట్టుకుని, పేరంటాలు కుర్చీ దగ్గరికి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"మామ్మగారూ, రోజూ ఇలాగే ఉంటుందాండి?"

"రోజూ ఇంత ఉండదు నాయనా. మెట్లున్న రోజే," అంది పేరంటాలు. "నువ్వు నీళ్ళు తాగు ముందు."

రాంపండు అంతా చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి పక్కనున్న సభ్యుడితో, "మా అమ్మ పోయింది ఈ వయసులోనే," అని మాత్రం అన్నాడట.

గడువు ముగిసేలోగా గురువారం బెంచీ మీది ఇంకో ఆరుగురు తమ పేర్లతో కాగితాలిచ్చారు. నోటీసు బోర్డులో చోటు చాలక గోడ మీద అంటించారు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు తీర్మానం మార్చారు. కాన్పుల గది, టీకాలు, పెద్ద డాక్టరు కాలవ అవతల కొత్త భవనానికి వెళ్తాయి. సున్నపుబట్టీ వీధి పెంకుటింటికి పైకప్పు మార్చి, వారంవారం పరీక్షలు, ముసలివాళ్ళ మందులు, గర్భిణుల తనిఖీ అక్కడే ఉంచుతారు. ఇనుప వంతెనకు మెట్లతోపాటు వాలుదారి కూడా కడతారు. వాలుదారి ఎప్పటికి పూర్తవుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. అబద్ధపు నమోదుకి పేరంటాలుకి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, గుర్తుపట్టాక నడిచినందుకు వకుళకు ఇంకొకటి. పేరంటాలు రెంటినీ భద్రంగా బీరువాలో పెట్టింది.

వకుళ నడక పని వదిలేసింది. ఫ్రాన్సిస్‌కీ, అతనితోపాటు తమ ఆఫీసులో కొత్తగా చేరిన మరో ఇద్దరికీ నేర్పే పనికి మారింది. ఒకే మనిషి మీద అన్ని ఒళ్ళూ పడకూడదని ఆమె రాసిన కాగితం మీద సుదక్షిణ కూడా సంతకం చేసింది. పన్నెండో నంబరాయన తుంటి నెమ్మదిగా ఆమెను విడిచిపోయింది. నలభై ఒకటి పోవడానికి ఎక్కువ రోజులు పట్టింది. ఏమీ లేకుండానే పిడికిలి బిగిసినట్టయ్యేది. ఒకరోజు పొద్దున లేచి చూసుకుంటే అదీ లేదు. ఎంతో తేలికగా ఉంది. ఆ వెంటనే ఏదో పోగొట్టుకున్నట్టు దిగులేసింది. పక్క గదిలో ఆవిడ ఎలా ఉందో ఇక తన ఒంటిని అడిగితే తెలియదు.

ఆపరేషన్‌కి వెళ్ళే ముందరి గురువారం ఇద్దరూ సున్నపుబట్టీ వీధికి వెళ్ళారు. ఆటో దిగి నడుస్తున్నారు. పైకప్పు పని మొదలైంది, పాత పెంకులు వీధిలో గుట్టగా పోసి ఉన్నాయి. బెంచీ మీదివాళ్ళు పేరంటాలుని దూరంనుంచే చూసి చోటు చేస్తూ జరిగారు.

సగం దారిలో పేరంటాలు ఆగింది. వకుళ కూడా ఆగింది.

"నువ్వు పద, నే వస్తాను."

"పర్లేదు. నిలబడతాను."

ఎండ ఇంకా ముదరలేదు. ఒక సైకిలు వాళ్ళను తప్పించుకుని వెళ్ళింది. పేరంటాలు కోడలి మొహంలోకి పరీక్షగా చూసింది.

"నీకూ వస్తోందేంటే? ఇప్పుడు?"

"లేదత్తయ్యా. పోయింది. నాకిప్పుడేం తెలీడం లేదు," అంది వకుళ. "ఇక మీరే చెప్పాలి."

పేరంటాలు అలవాటుగా నవ్వబోయింది. ఏమీ లేదే అనబోయి, పెదాలు కదిపి, మానేసింది. కోడలి చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద, కొంచెం ఎడమకి పెట్టుకుంది.

"ఇక్కడమ్మా," అంది. "ఇక్కడ మొదలవుతుంది. తర్వాత భుజంలోకి పోతుంది. భయమేస్తుంది."

"ఊఁ," అంది వకుళ. "ఇంకా?"

పేరంటాలు చెప్పడం మొదలుపెట్టింది.